కోతిపిల్లకు మొలతాడు

మా మానుకోటలో కోతులకు రెండు రకాల మర్యాదలు జరిగేవి. మంగళవారం, శనివారం అరటిపండు. మిగతా రోజుల్లో కట్టె. రైల్వే స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ మాకది ఎప్పుడూ మానుకోటే. స్టేషన్‌కు కూతవేటు దూరంలో మాది కిరాణా దుకాణం. బెల్లం బస్తాలు బయట పెడితే కోతులు, లోపల పెడితే చీమలు. నాయిన జీవితమంతా ఈ రెండింటితో యుద్ధం చేశాడు. పొద్దున్నే దుకాణం తెరిచి ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టుకొని, అదే చేత్తో కట్టె అందుకునేవాడు. అందులో ఆయనకు ఏ ఇబ్బందీ కనిపించేది కాదు. నాకూ కనిపించేది కాదు. ఆ కట్టె తిప్పడం నాకూ బాగానే వచ్చు.

అలాంటిదాన్ని ఒక ఎండాకాలమంతా కోతులకు ఊడిగం చేశానంటే మా వాడలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.

ఎనభైల మొదట్లో, నా ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారానికి, దుకాణం వెనక కరెంటు తీగ తగిలి ఒక తల్లి కోతి చచ్చిపోయింది. ఊరు కదిలి వచ్చింది. పసుపు, కుంకుమ, పూలదండ, డప్పులు. నాయిన కూడా కట్టె పక్కన పెట్టి పాడె మోశాడు. అంత ఘనంగా సాగనంపారు గానీ, దాని పొట్టకు కరుచుకొని ఉన్న పిల్ల ఏమైందని ఒక్కరూ అడగలేదు. అది జారిపోయి మా బెల్లం బస్తాల వెనక్కి దూరింది. సాయంత్రం బస్తా జరిపితే రెండు కళ్లు కనిపించాయి. మనిషి మొహంలో కూడా అంత భయం నేను అంతకుముందు చూడలేదు.

భూపాలపల్లి దగ్గర ఒక పశువుల డాక్టరు రిటైరయ్యాక తన మామిడితోటలో కోతులను సాకుతున్నాడని, బాగయ్యాక అడవిలో వదులుతాడని సరుకు లారీ డ్రైవరు చెప్పాడు. నేను పిల్లను తీసుకుపోతానన్నాను. పెళ్లికాని ఆడపిల్ల ఒంటరిగా అంత దూరం పోవడమేమిటని నాయిన అడ్డుపడ్డాడు. చివరికి చిన్నమ్మ నాకు కాపలాగా బయలుదేరింది.

చిన్నమ్మ అంటే నాయిన రెండో భార్య. నన్ను కన్న అమ్మ అరవై తొమ్మిది ఉద్యమం జరిగిన ఏడు జ్వరంతో పోయింది. నాకప్పుడు అయిదేళ్లు. బడులు మూసేశారు. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియని రోజులు. వీధిలో నినాదాలు, ఇంట్లో ఒక్క చప్పుడు లేకపోవడం, అవే గుర్తు. అమ్మ మొహం గుర్తులేదు. ఆమెది ఒకే ఒక్క జ్ఞాపకం నా దగ్గర ఉండేది. నేను గడప కింది మెట్టు మీద కూర్చుని ఉంటాను. వెనక నుంచి రెండు మోకాళ్లు నా భుజాలను పట్టి ఉంటాయి. చెక్క దువ్వెన తలలో తిరుగుతుంటుంది. ఆ దువ్వెనకు ఒక పన్ను లేదు, అక్కడ వెంట్రుకలు చిక్కుకొని చురుక్కుమనేది. దొరికిన పేను రెండు గోళ్ల మధ్య టప్పుమనేది. అంతే. దాన్నే దాచుకొని పెరిగాను.

మరుసటేడు జనగామ నుంచి చిన్నమ్మ వచ్చింది. ఆమెకు పిల్లలు కలగలేదు. నన్ను పెంచింది, బాగా పెంచింది. ఈ మాట ఊళ్లో అందరూ నా ముందే అనేవారు, నేనెక్కడ మరిచిపోతానో అని. దాంతో ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఆమెతో నాకు పోట్లాట లేదు. దగ్గరితనం కూడా లేదనే అనుకునేదాన్ని.

బస్సు దిగి, పిల్లను గోనెసంచిలో పొట్టకు కట్టుకొని తోటకు చేరేసరికి ఎండ నెత్తిమాడుస్తోంది. డాక్టర్ సాబ్ పొడుగు మనిషి, తెల్లగడ్డం, మొహంలో ఎప్పుడూ ఒక విసుగు. పిల్లను తిప్పి తిప్పి చూశాడు.

"పానం గట్టిదే. గని నాకు రెండే చేతులున్నయి. ఇడ్సిపెట్టి పోతనంటె కుదరదు. ఉండి నేర్చుకుంటవా, లేకుంటె తీస్కపో."

"నేర్చుకుంట సాబ్," అన్నాను.

"జీతం గీతం లేదు. కరుస్తయి."

"కరిస్తె కరవనియ్యి," అంది చిన్నమ్మ. ఆమెను ఎవరూ అడగలేదు. అప్పటికే తోట మూలన ఉన్న ఖాళీ కొట్టంలో మూట దించి, పొయ్యికి మూడు రాళ్లు ఏరుతోంది.

సాబ్ చదువు చెప్పే పద్ధతి తిట్టడం. మొదటిరోజు నేను కోతి కళ్లలోకి చూశానని తిట్టాడు. కళ్లలోకి చూస్తే పోట్లాటకు పిలిచినట్టట. రెండోరోజు నవ్వానని తిట్టాడు. పళ్లు చూపితే బెదిరించినట్టట. ఎర్రచీర కట్టుకున్నానని తిట్టాడు, చేతిగాజులు చప్పుడయ్యాయని తిట్టాడు. తిండి చేత్తో ఇవ్వకూడదు. కొమ్మల పంగల్లో, ఎండుగడ్డిలో దాచిపెట్టి రావాలి, అవి వెతుక్కుని తినాలి. దొడ్లు ఊడ్చేటప్పుడు పెంటికలు చూసి ఏది తిన్నది ఏది తినలేదు చెప్పాలి. అన్నిటికంటే గట్టి నియమం, దేనికీ పేరు పెట్టకూడదు.

"పేరు వెడితె పిలవబుద్ధయితది. పిలిస్తె వస్తది. మనిషి పిలిస్తె వచ్చే కోతి అడవిల బతుకది బిడ్డా. ఊర్లెకొస్తది, దెబ్బలు తింటది."

మా దుకాణం ముందటి కట్టె గుర్తొచ్చి నేను తల దించుకొని ఊడ్చాను.

ఈ నియమాలేవీ చిన్నమ్మకు వర్తించేవి కావు, ఎందుకంటే ఆమె నేర్చుకోవడానికి రాలేదు, నన్ను చూసుకోవడానికి వచ్చింది. ప్రతి దొడ్డి ముందు ఆగి కళ్లు మూసుకొని చేతులు జోడించేది. కళ్లు మూసుకుంటుంది కాబట్టి సాబ్ ఏమీ అనలేకపోయేవాడు. పొద్దున జొన్నరొట్టె చేసి ఆయనకూ రెండు పంపేది. ఆయన మొదట వద్దన్నాడు. తర్వాత రొట్టె ఆలస్యమైతే కొట్టం వైపు చూడసాగాడు.

పిల్లకు మేకపాలు ఇంకు ఫిల్లరుతో పట్టేదాన్ని. పాలు తాగేంతసేపే నా దగ్గర. ఆ తర్వాత దాన్ని గోనెగుడ్డ చుట్ట మీద పెట్టాలి, తల్లి అనుకొని అది కరుచుకొని పడుకోవాలి. ఆ చుట్టకు చిన్నమ్మ తన పాతచీర చుట్టి కుట్టింది. నన్ను వదిలేటప్పుడు అది పెట్టే కేక నాకు అన్నం సహించనిచ్చేది కాదు. నేను వెనక్కి తిరిగితే సాబ్ దూరం నుంచే వేలు చూపేవాడు.

"ఎన్నాళ్లు సాబ్, గిట్ల?"

"ఏదన్న ఆడకోతి దీన్ని దగ్గరికి తీసుకునేదాంక."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. మృగశిర కార్తె రాగానే గుంపునంతా అడవి అంచున ఉన్న పెద్ద ఇనుప జాలి దొడ్డిలోకి మారుస్తారు. వానాకాలమంతా అవి అక్కడే ఒకదానికొకటి అలవాటవుతాయి. మనిషి లోపలికి పోడు. తంగేడు పూసేనాటికి తలుపు తీస్తారు. తల్లి లేని పిల్లను ఆ గుంపులో వేస్తే మిగతావి బతకనివ్వవు.

"మృగశిర దాంక ఎవ్వలు తీసుకోకుంటె?"

"గీడనే ఉంటది. పంజరంల. పానమున్నన్ని రోజులు."

ఎవరూ తీసుకోకపోతే ఇంటికి తీసుకుపోదామని నాకు లోపల ఒక ఆశ ఉండేది. ఆ మాటతో అది కూడా ఆరిపోయింది. మా ఇంట్లోనైనా దానికి దక్కేది పంజరమే, కాకపోతే మంగళవారం అరటిపండు ఎక్కువ.

ఒక్కో ఆడకోతి పక్కన జాలి అడ్డంగా పెట్టి పిల్లను చూపించాం. ఒకటి పళ్లు చూపింది. ఒకటి జాలిలోంచి చెయ్యి చాపి చెవి పట్టి గుంజింది. ఇక మిగిలింది ఒక్కతే, వయసు మళ్లిన కోతి. ఏళ్ల తరబడి సంతల్లో ఆడించిన కోతి అది. నడుముకు కట్టిన తాడు ఒరుసుకొని అక్కడ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. నడుం చుట్టూ నల్లటి వలయంలా తోలు మిగిలింది. అది ఎవరినీ కొట్టదు, ఎవరినీ చూడదు. మాకు వీపు తిప్పి గోడకేసి కూర్చునేది. పిల్లను రోజూ పొద్దున్నే దాని పక్క జాలిలో పెట్టేదాన్ని. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. ముసలిది తిరిగేది కాదు. రోహిణి కార్తె ఎండలు దంచుతుంటే నాకు మాత్రం ఆకాశంలో మబ్బు కనిపిస్తే భయం వేసేది. ఊరంతా వాన కోసం ఎదురుచూస్తుంటే, వాన రావద్దని మొక్కుకున్నది ఆ ఏడు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అలాంటి రోజుల్లో కాళేశ్వరం పోయే యాత్రికుల బస్సొకటి నీళ్ల కోసం తోట దగ్గర ఆగింది. సాబ్ పరకాలకు మందులకు పోయాడు. ఆడవాళ్లంతా దిగి, నేను వద్దంటున్నా వినకుండా పాలు తాగుతున్న పిల్ల చుట్టూ మూగారు. "అచ్చం చంటిపిల్ల తీరున్నదే!" "అయ్యో, వేళ్లు చూడు, గోర్లు చూడు!" ఒకామె అరటిపండు దాని నెత్తిన ఆనించి కళ్లకద్దుకుంది. బస్సు పోయింది. సాయంత్రానికి పిల్లకు నీళ్ల విరేచనాలు. పాలు ముట్టలేదు. సాబ్ వచ్చి, ఎండదెబ్బ అని, పాలు ఆపి ఉప్పేసిన గంజి పట్టమన్నాడు. నేను కూర్చుని బొట్టు బొట్టుగా పట్టాను.

"ఎండ కాదు, ఏం కాదు," అంది చిన్నమ్మ. "గంతమంది కండ్లు వడితె రాయన్న పలుగుతది."

నేను బావి దగ్గర గిన్నెలు తోముకొని వచ్చేసరికి కొట్టంలో మిరపకాయల ఘాటు. ఉప్పు, ఎండుమిర్చి తిప్పి పొయ్యిలో వేసినట్టుంది. తుమ్ముకుంటూ పడుకున్నాను. తెల్లవారి పిల్లను ఎత్తుకుంటే చేతికి ఏదో తగిలింది. నల్లదారం. తొడ మీద మూడు పేటలు పేని, నడుం చుట్టూ చక్కగా మొలతాడు కట్టింది.

"చిన్నమ్మా! గిదేంది?"

"మొలతాడు లేకుంట పసిపిల్లను ఎవలన్న ఉంచుతరానె? గందుకే దిష్టి తాకింది. సూడు, ఇయ్యాల మంచిగ లేదా?"

మంచిగానే ఉంది. గంజి పనిచేసిందో, మిరపకాయలు పనిచేశాయో దేవుడికెరుక. నేను మాత్రం హడలిపోయాను. ఆ తోటలో ఏ కోతి ఒంటి మీదా దారప్పోగు కూడా ఉండకూడదు. వచ్చిన ప్రతి కోతికీ సాబ్ మొదట చేసే పని తాడు కోయడం. ముడి విప్పుదామంటే అది చిన్నమ్మ వేసిన ముడి, దేవుడు దిగొచ్చినా రాదు. అవతల సాబ్ దగ్గు వినిపించింది. రోజులాగే పిల్లను ముసలిదాని పక్క జాలిలో పెట్టి, కత్తెర కోసం కొట్టంలోకి పరుగెత్తాను.

కత్తెర పట్టుకొని వచ్చేసరికి పిల్ల ఏడుపు వినిపించలేదు.

ముసలిది ఇటు తిరిగి కూర్చుని ఉంది.

జాలి దగ్గరికి జరిగింది. మెడ చాపి పిల్ల నడుం వైపే చూస్తోంది. జాలి కంతలోంచి ఒక వేలు పోనిచ్చి దారాన్ని తాకింది. వేలు వెనక్కి తీసుకుంది. వాసన చూసుకుంది. మళ్లీ పోనిచ్చింది. ఈసారి దారాన్ని గోటికి తగిలించి మెల్లగా తన వైపు లాగింది. దారంతో పాటు పిల్ల కూడా జాలికి ఆనుకుంది.

నా వెనక సాబ్ నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు కూడా దారం మీదే ఉన్నాయి.

"నా తోటల తాడు గట్టింది ఎవరు?" గట్టిగా అనలేదు. అరిచి ఉంటేనే బాగుండేది అనిపించింది.

"తాడు గాదు సాబ్, దారం," అంది వెనక నుంచి చిన్నమ్మ. "నేనే గట్టిన. మా పిల్లనేం అనకుండ్రి."

ఆయన నా చేతిలోంచి కత్తెర లాక్కుని రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు. ముసలిది దారం వదిలిపెట్టి, దాని కింద ఒత్తుకుపోయిన వెంట్రుకలను విడదీస్తోంది. ఒక్కొక్క పాయ తీసి, చూసి, పక్కకు పెడుతోంది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి.

"తలుపు," అన్నాడు సాబ్ గుసగుసగా. "నడిమి తలుపు తియ్యి. మెల్లగ. దాని దిక్కు సూడకు."

మొహం పక్కకు తిప్పుకొని తడుముకుంటూ గొళ్లెం తీశాను. మళ్లీ చూసేసరికి పిల్ల ముసలిదాని ముందు వెల్లకిలా పడి ఉంది. అది వంగి దారాన్ని పక్కపళ్లతో కొరుకుతోంది. చిన్నమ్మ ముడి దాని పళ్లకు కూడా లొంగలేదు. పక్కన కొరికి తెంపింది. తెగిన దారాన్ని విసిరిపారేసింది. తర్వాత కూడా ఆగలేదు. నడుం నుంచి వీపుకు, వీపు నుంచి మెడకు వెంట్రుకలు చూసుకుంటూ పోయింది. పిల్ల ఒక్కసారి కుయ్‌మని దాని పొట్టకు కరుచుకుంది, సరిగ్గా ఆ నల్లటి వలయం మీద. ముసలిది తన చెయ్యి దాని మీద వేసింది.

సాబ్ నేల మీద కూలబడ్డాడు. ఆయన ఏడుస్తున్నాడని ఒప్పుకోడు కాబట్టి నేనూ రాయను. నేను మాత్రం బాగా ఏడ్చాను.

"దానికి యాదికున్నది," అన్నాడు. "తాడు యాదికున్నది. గందుకే తెంపింది."

"కాదు సాబ్," అంది చిన్నమ్మ. "పేలు చూస్తున్నది. గంతే."

ఎవరిది నిజమో కోతికే తెలియాలి. ఆ తర్వాత సాబ్ చిన్నమ్మను ఏమీ అనలేదు. తెగిన దారం మాత్రం తానే ఏరి, పొయ్యిలో వేసి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం తొట్టిలో నీళ్లు నింపుతుంటే చిన్నమ్మ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏందే నవ్వుతున్నవ్?"

"ఏం లేదు. నువ్వు గూడ గిట్లనే. నేనొచ్చిన కొత్తల బెల్లం బస్తాల ఎన్కకు జొచ్చినవ్. ఎవ్వలు పిలిచినా రాకపోతివి. మీ నాయినమ్మ గుంజుకొచ్చి నా ఒళ్లె కూసోపెడితె కరిచినవ్. ఇగో." మణికట్టు చూపింది. చిన్న తెల్లమచ్చ. అన్నేళ్లుగా గాజుల కింద ఉన్నదాన్ని నేను చూడనేలేదు.

"మరెట్లొచ్చిన?"

"పిలుసుడు బంద్ వెట్టిన. దినాం గడపల నీకు ఈపు తిప్పి కూసొని నా తల నేను దువ్వుకునేది. నీ దిక్కు చూడకపోయేది. ఒకనాడు మెల్లగొచ్చి నా ఎన్క నిలవడ్డవ్, తల గోక్కుంట. మీ అమ్మ మంచం వట్టినకాన్నుంచి నీ తల ఎవలు చూడలే, ఒక్కటే పేలు. నేనేమనలే. దువ్వెన చేతుల వట్టుకొని ఊకున్న. నువ్వే వచ్చి కింది మెట్టు మీద కూసున్నవ్."

నేను బొక్కెన కింద పెట్టాను.

"ఏ దువ్వెన?"

"చెక్కది. మా అవ్వ ఇచ్చింది. జనగామల రైలెక్కేటప్పుడు సందుగ కిందవడి ఒక పన్ను ఇరిగిపాయె. కొత్తపెండ్లికూతురు దువ్వెన ఇరిగిందని మా అవ్వ ఎంత పరేషాన్ అయిందో!"

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినిపించలేదు. గడప, మెట్టు, మోకాళ్లు, చురుక్కుమనే ఊడిన పన్ను, గోళ్ల మధ్య టప్పుమన్న చప్పుడు. అమ్మదని పదమూడేళ్లు దాచుకున్నది అమ్మది కాదు. ఆ క్షణాన నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. అమ్మ రెండోసారి పోయినట్టయింది. బావి గట్టు మీద కూర్చుండిపోయాను. చిన్నమ్మ ఎండదెబ్బ అనుకొని నా నెత్తిన ఇన్ని నీళ్లు చల్లి, కొంగుతో తుడిచింది. ఆమెతో ఆ సంగతి చెప్పలేదు. ఎట్లా చెప్పను? నువ్వు చేసినదంతా ఆమె లెక్కలో వేసుకున్నానని చెప్పనా?

మృగశిర వాన పడేనాటికి పిల్ల ముసలిదాని వీపెక్కి తిరుగుతోంది. గుంపును పెద్ద దొడ్డికి మార్చాక మేం ఇంటికి వచ్చేశాం. తంగేడు పూశాక సాబ్ కబురు పంపితే మళ్లీ ఇద్దరం పోయాం. చాలా దూరంలో, చెట్ల చాటున మమ్మల్ని నిలబెట్టి తలుపు తాడు లాగాడు. గుంపు ఒక్కటొక్కటే బయటికి వచ్చింది. చివర్లో ముసలిది, వీపున పిల్లతో. పిల్ల నా కంటే ఎదిగినట్టు ఎటూ చూడకుండా దర్జాగా కూర్చుంది. ఇప్పచెట్టు కింద ముసలిది ఒకసారి ఆగింది. వెనక్కి చూస్తుందేమోనని నేను కొమ్మ పక్కకు జరిపి చూశాను. అది పిల్లను ముందుకు లాక్కుని మెడ మీద ఏదో వెతికి, నోట్లో వేసుకొని, మళ్లీ వీపున ఎక్కించుకొని పోయింది.

"మంచిది," అన్నాడు సాబ్. "మనల్ని మర్సిపోయింది. నువ్వు నేర్చుకున్నవ్ బిడ్డా."

ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

చిన్నమ్మ బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలంటే అట్నుంచి అటే జనగామ పోయాం. సాయంత్రం ఆ ఇంటి గడపలో కూర్చుని ఆమె జుట్టు విప్పుకుంది. దువ్వెన వేరే, ప్లాస్టిక్‌ది. నేను లోపలినుంచి వచ్చి కాసేపు ఆమె వెనక నిలబడ్డాను. ఆమె తిరగలేదు. దిగి వచ్చి కింది మెట్టు మీద, ఆమె మోకాళ్ల మధ్య కూర్చుని జడ విప్పాను.

"ఏందే?"

"పేలున్నయేమో చూడు."

"కాలేజీకి పొయ్యే పిల్లవు, నీకు పేలెక్కడియే?"

"ఏమో. చూడు."

అమ్మా అని పిలవాలని ఉండింది. తల వెనక్కి వాల్చి ఆమె మోకాలికి ఆనించాను. ఆమె ఒక పాయ తీసింది, చూసింది, పక్కకు పెట్టింది. ఇంకో పాయ తీసింది. నా తలలో ఏమీ లేవని మా ఇద్దరికీ తెలుసు. వాకిట్లో ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని పిలిచేదాకా ఆమె వెతుకుతూనే ఉంది.